రంగత్ చెరువులో పోటు కోసం

మొన్న ఆదివారం రంగత్‌లో ఏం జరిగిందో మీ చెవిన ఇప్పటికే పడే ఉంటుంది. మన మిన్నీ బేలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా అదే కథ. ఒకడు నేను చెరువులో మునిగిపోయానంటాడు. ఒకడు నన్ను తాడేసి లాగారంటాడు. ఇంకొకడైతే నా లుంగీ నీళ్లలో కొట్టుకుపోయిందంటాడు. అదేం కాదు! లుంగీ నా దగ్గరే ఉంది. ఉతికి ఆరేశాను, వచ్చి చూసుకోండి. రాత్రి బడిలో కళ్లు పోయేలా నేర్చుకున్న అక్షరాలు ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పనికొస్తాయి? అసలు సంగతి నేనే రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. కానీ ఒక్క మాట ముందే చెబుతున్నాను, ఆ రోజు చెరువు నా మాట విన్నది.

మా గౌరిని రంగత్‌లో ఇచ్చాం కదా. దాని మామగారు సింహాచలం, కరెంటాఫీసులో చేసి రిటైరైనవాడు. మంచివాడే. కాకపోతే ఇస్త్రీ మనిషి. ఇంట్లో కూర్చున్నా ప్యాంటు మడత చెడనివ్వడు. వాళ్ల తాత కూడా మా తాతలాగే శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవులకొచ్చి వల లాగినవాడే. మనవడి దాకా వచ్చేసరికి వల పోయి ఫ్యాను కింద కుర్చీ వచ్చింది. నేనెప్పుడైనా సముద్రం సంగతి ఎత్తితే "అవునండీ బావగారూ, టీవీలో చూశాను" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

శనివారం సాయంత్రం నేనూ మా ఆవిడా బస్సు దిగి వాళ్లింటికి చేరాం. టీ తాగుతుండగా సింహాచలం అన్నాడు.

"బావగారూ, రేపు మా మరదలు వాళ్లు కూడా భోజనానికి వస్తున్నారు. చికెన్ చెప్పేస్తాను."

మీసం రాకముందు నుంచి సముద్రం మీద ఉన్నవాణ్ణి. నేను కాలు పెట్టిన ఇంట్లో చికెనా?

"ఏటి బావగారూ, నేనుండగా చికెనేటి? రేపు చేప నేను తెస్తాను."

"బజార్లోంచా?"

"బజార్లోంచి తెచ్చేది మీరు. నేను నీళ్లలోంచి తెస్తాను."

ఆ ఊరి కొండ కింద వాగుకి అడ్డంగా కట్ట వేసి ఆపిన చెరువొకటుంది. ఊళ్లోవాళ్లు కొందరు కలిసి అందులో చేపపిల్లల్ని వదిలి పెంచుతున్నారు. సింహాచలం కూడా వాళ్లలో ఒకడు. ఆదివారం వస్తే గాలాలు పట్టుకుని వెళ్లి, ఉన్న ఒక్క బోటులో వంతులేసుకుని తిరుగుతూ, మిగతావాళ్లు కట్ట మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారట. చేపలు పట్టడమంటే వాళ్లకది పిక్నిక్!

వంటింటి గుమ్మంలోంచి వియ్యపురాలు పార్వతమ్మ తల బయటపెట్టింది. "అన్నయ్యగారూ, చెరువు చేప దారి వేరండి. తవుడు ముద్ద పెడితేగానీ ముట్టదు."

"దానికి తోకుంటుందా చెల్లమ్మా?"

"తోకెందుకుండదండీ?"

"తోకుంటే చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

"అయితే మసాలా నూరి ఉంచుతాను. వేరే కూర చెయ్యను మరి!"

"చెయ్యొద్దు."

ఆ మాట అనగానే మా గౌరి నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది.

"నాన్నా, మా చిన్నత్తగారికి నోరు పెద్దది. రేపు ఉత్త చారుతో అన్నం పెడితే ఏడాదంతా నన్ను దెప్పుతుంది. నీకు దణ్ణం పెడతాను, చికెన్ తెప్పించుకోనీ."

"నీకు ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఉత్త చేతులతో ఇంటికొచ్చానా?"

"వచ్చావు. చాలాసార్లు."

"అది సముద్రం. ఇది చెరువు. చుట్టూ గట్టున్న నీళ్లలోంచి చేప ఎక్కడికి పోద్దే?"

మా ఆవిడ పక్కనే ఉండి అంతా విన్నది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే అర్థమేమిటో మీకు తెలుసు, మీ ఇళ్లలోనూ ఉన్నారు కదా.

పొద్దున్నే బయల్దేరాం. సింహాచలం వేషం చూడాలి మీరు! మీగడ రంగు ప్యాంటు, తెల్ల షర్టు, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో టీ ఫ్లాస్కు. ఆయన తన గాలం కూడా తీయబోతుంటే నేనే ఆపేశాను.

"మీరు గాలం ముట్టొద్దు బావగారూ. మీరు పడితే మీ చేప అవుద్ది. ఇవాళ నా చేపే తినాలి."

"పోనీ తవుడు ముద్దైనా..."

"అదీ వద్దు."

నా దగ్గర మిన్నీ బే నుంచి ఉప్పేసి తెచ్చిన చిన్న కవళ్ల చేపలున్నాయి. సముద్రంలో ఆ ఎర చూస్తే ఎంత పెద్ద చేపైనా బుర్ర తిరిగి వస్తుంది. బోటెక్కి, అలవాటు ప్రకారం దోసెడు నీళ్లు తీసి కళ్లకద్దుకుని గంగమ్మకి దణ్ణం పెట్టి, ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను. ఛీ! చప్పగా, ఉప్పు మరిచిపోయిన పప్పులా ఉంది. కెరటం లేదు, గాలి లేదు. బోటేమో పిల్లల పౌడరు డబ్బాలా తేలికగా ఉంది. తెడ్డు ఒక్కసారి వేస్తే ఇల్లు దాటిపోయేంత దూరం జారుతోంది. "ఇదీ ఒక బోటేనా" అన్నాను. "నెమ్మది బావగారూ, టీ ఒలుకుతోంది" అన్నాడు సింహాచలం.

గాలం వేశాను. ఏమీ లేదు. ఇంకో చోట వేశాను. ఏమీ లేదు. కట్ట మీద తవుడు ముద్దలవాళ్లకి ఒకటీ అరా తగులుతూనే ఉన్నాయి. తగిలినప్పుడల్లా కావాలని మా వైపు చూసి కేకలు పెడుతున్నారు. నా కవళ్లని చెరువు చేపలు వాసన కూడా చూడలేదు. సింహాచలం మర్యాదస్తుడు. కానీ ఆయన టీ ఊదుకుని తాగే తీరులోనే ఒక నవ్వుంది.

ఎండెక్కుతోంది. ఇంటి దగ్గర మసాలా నూరి ఉంది. చిన్నత్తగారు చీర మార్చుకుంటూ ఉంటుంది.

అప్పుడు కనిపించింది నాకు, చెరువుకి ఆ చివర, తుంగ పెరిగిన మూలలో. నీళ్లు సన్నగా కదిలాయి. మళ్లీ కదిలాయి. ఎన్నో ఏళ్లుగా చూస్తున్న కదలిక అది, పొరపాటు పడను. మేతకొచ్చిన చేప, అది కూడా ఒకటి కాదు.

తెడ్డు అటు తిప్పాను.

"అటు వద్దు బావగారూ! అక్కడ లోతు లేదు. చెరువు కట్టక ముందు అవన్నీ వరిమళ్లు. నీళ్ల కింద పాత గట్లున్నాయి."

"పరవాలేదు. కాసేపట్లో నీరెక్కుద్ది."

ఆ మాట ఎలా వచ్చిందో చెబుతాను. మనకి పోటూ పాటూ తిథిని బట్టి కదా. పోటుకి నీరెక్కుతుంది, పాటుకి దిగుతుంది. నేను పడుకునే ముందు చంద్రుణ్ణి చూస్తే తెల్లారి పోటు ఎప్పుడో నాకు లెక్క కట్టక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ముందు రోజు సాయంత్రం వాళ్ల పెరట్లో కూడా అలాగే నెలవంకని చూసి పడుకున్నాను. ఎండ నడినెత్తికి రాకముందే పోటు అని నా ఒళ్లు నాకు చెప్పేసింది. పోటుకి చేప అంచుకొస్తుంది. అంచులోకి బోటు పోనిచ్చి, నీరెక్కుతుంటే పట్టుకుని, ఎక్కిన నీటి మీదే వెనక్కి రావడం. రోజూ చేసే పని!

సర్‌మని పోయి బోటు పాత గట్టు మీద ఎక్కి కూర్చుంది. ముందుకి రాదు, వెనక్కి రాదు.

"దిగి తోద్దామా?" అన్నాడు సింహాచలం, ప్యాంటు వైపు దిగులుగా చూసుకుంటూ.

"ఎవరూ దిగక్కర్లేదు. కూర్చోండి. పోటు రానీయండి, దానంతటదే లేస్తుంది."

ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. నా వైపు చూశాడు. చాలా నెమ్మదిగా, ఇంటికొచ్చిన పెద్దమనిషిని నొప్పించకూడదన్నట్టు అన్నాడు.

"బావగారూ... ఇది చెరువండీ."

అప్పటికి గానీ నాకు వెలగలేదు! చెవులు వేడెక్కిపోయాయి. నవ్వేసి, "అయ్యో, నిజమే సుమీ" అని దిగి తోసేస్తే అక్కడితో అయిపోయేది. మీరైతే అదే చేసేవాళ్లు. కానీ ఈ మనిషి, నేను సముద్రమంటే టీవీలో చూశాననేవాడు కదా! నోట్లోంచి మాట బయటికొచ్చాక దాన్ని వెనక్కి మింగడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

"చెరువని నాకు తెలుసు. అయితే?"

"చెరువులో పోటుండదు కదండీ."

"ఎవరు చెప్పారు? మీరు కూర్చుని చూశారా ఎప్పుడైనా? నీళ్లు నీళ్లే. చంద్రుడు సముద్రాన్ని చూసి చెరువుని చూడకుండా పోతాడా?"

ఆయనకి నవ్వాగలేదు. ఆగకపోతే పోనీ, కట్ట వైపు తిరిగి గొంతెత్తి అరిచాడు. "ఒరేయ్! మా బావగారు పోటు కోసం కూర్చున్నార్రా!"

ఇంక చూడండి. కట్ట మీదున్నవాళ్లందరూ గాలాలు వదిలేసి నిలబడ్డారు.

"తాతా, నాన్‌కౌరీ షిప్పు ఎన్నింటికి?"

"చాచా, లైట్‌హౌస్ కట్టించమంటారా?"

"కెరటాలు పెద్దవైతే చెప్పండి, లైఫ్ జాకెట్ పంపిస్తాం!"

నేను బీడీ వెలిగించుకున్నాను. మనిషికి పరువు పోతున్నప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. "కూర్చోండి బావగారూ, టీ పోయండి" అన్నాను. పోశాడు. తాగాం. మళ్లీ పోశాడు. మళ్లీ తాగాం. ఎండ గొడుగు మీద దడదడలాడుతోంది. లోపల్లోపల గంగమ్మకి మొక్కుకుంటున్నాను. అమ్మా, నువ్వు ఉప్పగా లేవని ఇందాక ఛీ అన్నాను, మనసులో పెట్టుకోకు. పోటు కాకపోతే పోయింది, ఒక్క చేప ఇయ్యి. గౌరి మొహం చూడలేను.

అలా తలొంచుకుని కూర్చున్నానా, తుంగ కాడల మీద కన్ను పడింది. నీటికి పైన బెత్తెడు మేర తడి గుర్తు! ఇందాక లేదు. బీడీ పారేసి వంగి చూశాను. చూస్తుండగానే తడి ఇంకాస్త పెరిగింది.

"బావగారూ, నీరు కదిలింది!"

"ఎక్కిందా?"

"దిగుతోంది."

"దిగడమేంటండీ?"

"పాటు. ముందు పాటు పోయి తరవాత పోటొస్తుంది. నా లెక్క కాస్త తప్పింది, అంతే. లేకపోతే ఏటనుకున్నారు?"

సింహాచలం వంగి తుంగని చూశాడు. తడిని వేలితో ముట్టుకున్నాడు. తలెత్తి ఆకాశం వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. ఆ చూపు, ఆ ఒక్క చూపు కోసం నేను ఎన్ని సముద్రాలైనా ఈదుతాను. గౌరి పెళ్లైనప్పటి నుంచి ఆయన నన్ను అలా చూడలేదు! కట్ట మీద నవ్వులు కూడా ఆగిపోయాయి. వాళ్ల కాళ్ల దగ్గర కూడా నీళ్లు వెనక్కి పోతున్నాయి మరి. ఎవడో ఒకడు మెల్లగా, "క్యా బాత్ హై..." అనడం నాకు వినపడింది. నేను మీసం మీద చెయ్యి వేశాను. నిజం చెప్పాలంటే, చెరువుకి పాటు రావడం నేను మాత్రం ఎక్కడ చూశాను?

కానీ పాటు వస్తే మనిషి చేసే పని చెయ్యాలి కదా. నీరు దిగేసరికి గట్టు బయటపడింది. గట్టుకి ఇవతల చెరువు, అవతల తుంగ మూల. మేతకొచ్చిన చేపలన్నీ ఆ మూలలో మడుగులో ఇరుక్కుపోయాయి! వీపులు బయటికి కనిపిస్తున్నాయి. తోకలతో బురదని చిలుకుతున్నాయి.

"లేవండి!" అని నేను లేచాను. నేను లేచేసరికి గట్టు మీదున్న బోటు ఒక పక్కకి ఒరిగింది. ఒరిగేసరికి సింహాచలం, గొడుగూ, ఫ్లాస్కూ, మీగడ రంగు ప్యాంటూ అన్నీ కలిసి బురదలోకి జారిపోయాయి. మోకాళ్ల దాకా దిగబడి, "బావగారూ! నా చెప్పు!" అని అరుస్తున్నాడు.

"చెప్పు తరవాత! ఇటు పట్టండి!"

లుంగీ విప్పేశాను. లోపల నిక్కరుందిలెండి, ఈ భాగం కూడా ఊళ్లో తప్పుగా చెబుతున్నారు. లుంగీ ఒక కొస ఆయన చేతికిచ్చి, ఒక కొస నేను పట్టుకుని, అడుగు రాసుకుంటూ మడుగుకి అడ్డంగా లాగాం. సముద్రం ఒడ్డున అలివి వల లాగినట్టే. "కిందకి వంచండి! అడుగు వదలకండి! చేప కాళ్ల సందున పోతోంది!" అని నేను కేకలు. కరెంటాఫీసు మనిషి నా కేకలకి వంగుతున్నాడు, లేస్తున్నాడు, బురద ఉమ్ముతున్నాడు. రెండో లాగుకి ఆయన కూడా "హైలెస్సా" అన్నాడు! నేను చెప్పలేదు, దానంతటదే వచ్చింది. తాత రక్తం ఎక్కడికి పోతుంది?

కొరమేనులు, శీలావతులు, వాటి మధ్యలో పసిపిల్లంత బొచ్చె ఒకటి. ఆ బొచ్చె లుంగీలోంచి ఎగిరితే సింహాచలం దాని మీద బోర్లా పడి కౌగిలించుకున్నాడు. "దొరికింది బావగారూ, దొరికింది! మనదే!" అని బురదలోంచే అరుపు. మొహంలో కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించడం లేదు.

లుంగీని మూట కట్టి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని, బురద దాటి కట్టెక్కాం. ఇందాక షిప్పు టైము అడిగినవాడే పరుగెత్తుకొచ్చి మూట అందుకున్నాడు. "తాతా, పోటు మళ్లీ ఎన్నింటికి వస్తుంది?" అన్నాడు, ఈసారి నిజంగా అడుగుతున్నాడు! ఆకాశం చూసి, కాస్త ఆలోచించినట్టు మొహం పెట్టి, "సాయంత్రం" అన్నాను.

సరిగ్గా అప్పుడు కట్ట మలుపు తిరిగి నిమాయ్ దాదా వచ్చాడు. చెరువు తూముకి కాపలా ఉండే బెంగాలీ మనిషి. భుజం మీద తూము తిప్పే ఇనప కమ్మీ ఉంది.

"అరే చాచా, బోటు అక్కడెవరు పెట్టారు?" అని హిందీలో మొదలుపెట్టాడు. "కింద మళ్లవాళ్లు నారు ఎండిపోతోందని ఏడిస్తే తూము ఎత్తాను. ఆదివారం ఎత్తను కదా, అందుకే అందరికీ వినపడేలా కేకేశాను. మీరంతా ఏదో తమాషా చూసి నవ్వుతున్నారు, ఒక్కడు విననేలేదు!"

తరవాత... ఎందుకులెండి. కట్ట మీద దొర్లారు. సింహాచలం బురద ప్యాంటుతో కింద చతికిలబడి, బొచ్చెని ఒళ్లో పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వాడు. నిమాయ్‌కి ఏమీ అర్థం కాలేదు. ఎవరో జరిగిందంతా చెప్పారు. ఆయన తీరుబడిగా విని, ఇనప కమ్మీ ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకుని, "తో చాంద్ మై హూఁ క్యా?" అన్నాడు. అంటే చంద్రుణ్ణి నేనా అని!

ఇంటికెళ్లేసరికి చిన్నత్తగారు అరుగు మీద కూర్చునుంది. మమ్మల్ని చూసి, ఎవరో మురిక్కాలవ బాగుచేసేవాళ్లనుకుని "పెరటివైపు నుంచి రండి" అంది. గౌరి బయటికొచ్చింది. ముందు నా నిక్కరు చూసింది, తరవాత వాళ్ల మామగారి అవతారం చూసింది, ఏడుపు మొహం పెట్టింది. అప్పుడు నేను లుంగీ మూట విప్పాను. అరుగంతా చేపలే! కొరమేను ఒకటి గెంతి చిన్నత్తగారి చీర కుచ్చిళ్ల మీదే పడింది. ఆవిడ పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చింది. మా అమ్మాయి నవ్విన నవ్వు చూడాలి మీరు.

"ఎవరు పట్టారండీ?" అంది పార్వతమ్మ.

"మా బావగారే!" అన్నాడు సింహాచలం, నాకంటే ముందు, నాకంటే గట్టిగా.

మా ఆవిడ మాత్రం నా చెవిలో, "లుంగీ కొత్తది" అంది.

నిమాయ్ దాదాని కూడా భోజనానికి పిలిచాం. పిలవకపోతే ఎలా? అందరం వరసగా కూర్చున్నాం. బొచ్చె తలకాయ నాకే వేయాలని పార్వతమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. మనలో తలకాయ ఎవరికి వెళ్తుందో చెప్పక్కర్లేదు కదా, తెచ్చినవాడికే. నేను కంచం ముందుకి జరిపాను. జరిపి, పక్కకి చూశాను. నిమాయ్ దాదా తల దించుకుని, చేతులు కడుక్కుని, ఎవరినీ ఏమీ అడగకుండా కూర్చునున్నాడు. నాకు అన్నం దిగదనిపించింది. "ఆ తలకాయ అటు వెయ్యి చెల్లమ్మా" అన్నాను. సింహాచలం మళ్లీ నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. తన కంచంలో పెద్ద ముక్క తీసి నా కంచంలో వేశాడు.

మొండివాణ్ణని అంటారు నన్ను. అనండి. పాటు వస్తుందన్నాను, వచ్చింది. చేప తెస్తానన్నాను, తెచ్చాను. తవుడు ముట్టనన్నాను, ముట్టలేదు. ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించండి! కాకపోతే ఒక చిన్న మార్పు చేసుకున్నాను. మిన్నీ బేలో పోటు ఎప్పుడో తెలియాలంటే ఇప్పటికీ చంద్రుణ్ణే చూస్తాను. రంగత్ చెరువు పోటు కోసం మాత్రం నిమాయ్ దాదా ఫోన్ నంబరు రాసుకున్నాను.